చప్పుడు తగ్గిందా?

పది దాటి ఎనిమిది నిమిషాలయింది. గోడ గడియారం ముల్లు కనపడుతుంది గాని అది టిక్కు టిక్కుమంటుందన్న సంగతే మరిచిపోయాను, చాలా ఏళ్ళయింది. పదకొండింటికి మా కోడలు మాధురి ఈ కుర్చీలో కూర్చోవాలి, ఈ కంప్యూటర్ ముందు, ఎక్కడో ఉన్న ఒక పిల్లకి లెక్కలు చెప్పాలి, ఆ చెప్పడాన్ని ఇంకెవరో చూసి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అనేది తేల్చాలి. డెమో అంటారట దాన్ని. ఒకటి అయింది, పోయింది. ఇవాళ రెండోది. మూడోది ఉండదని వాళ్ళే రాసి పంపారు. ఫోనులో చెబితే ఒప్పుకోరట, పెద్ద తెరే ఉండాలట. కాబట్టి ఈలోపు ఈ డబ్బా కడుపులో ఉన్న ఫ్యాను నోరు మూయించాలి, మూయించాల్సింది నేను. ఫ్యాను అరుస్తుందని మూడు నెలల నుంచి ఇల్లంతా గోల పెడుతుంది. ఆ అరుపు ఒక్కసారి కూడా విననివాణ్ణి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే.

వెనకవైపు రెండు స్క్రూలు తీస్తే పక్కరేకు జారి చేతిలోకి వచ్చేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసినవాడికి ఇదో పనా. రేకు తీయగానే నాకు మిల్లే కనపడింది. ఈ కంప్యూటర్ మా మిల్లు కాటా గదిలోది, పత్తి లారీల తూకాలు వేసి వేసి పాతబడితే వాళ్ళు కొత్తది తెచ్చుకుని, నేను పని మానేసిన రోజున శాలువాతో పాటు దీన్ని కూడా నా చేతిలో పెట్టారు. శాలువా బీరువాలో మడతపెట్టే ఉంది. ఇది మాత్రం మాధురి చేతిలో పడి మళ్ళీ పనిలోకొచ్చింది. లోపలంతా పత్తి పీచు. తెల్లగా ఉంటే పత్తనిపించేది, బూడిదరంగుకి తిరిగి, ఒత్తుకుపోయి, ఫ్యాను కింద ఉండే అల్యూమినియం రేకుల సందుల్లో పరుపులాగా పట్టేసింది. దాని మీద సన్నగా ఎర్రటి పొర. అది మా ఇంటి చలవ. ఈ గదిలోనే ప్రతి ఏడూ మిరపకాయల టిక్కీలు పెడతాం, యార్డుకి తోలేదాకా బస్తా మీద బస్తా, కాయ గుండ గాల్లో తేలుతూనే ఉంటుంది. ఇక గాలి ఎక్కణ్ణుంచి ఆడుద్ది? గాలాడక లోపల వేడెక్కడం, వేడెక్కినకొద్దీ ఫ్యాను ఇంకా పరిగెత్తడం. అరవక ఏం చేస్తుంది పాపం. చూడగానే అర్థమైపోయింది. చూస్తే అర్థమయ్యేదాన్ని మూడు నెలలు చూడలేదు నేను, అది నా ఘనత.

నోటితో ఉఫ్‌మని ఊదాను. అరవై రెండేళ్ళు మిరప నేల మీద బతికినవాడు చేయాల్సిన పని కాదది. ఎర్ర గుండ తిరిగొచ్చి కళ్ళల్లో పడింది, గొంతులో పడింది, పొలమారింది, కళ్ళు తెరవలేకపోయాను. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు నీడ. మాధురే. ఏదో అంది, పెదాలు కదిలాయి, మంటలో అవి కూడా సరిగ్గా కనపడలేదు. నేను తల ఊపి చెయ్యి ఊపాను, పోతూ ఉండు, నేను చూసుకుంటాను అన్నట్టు. వెళ్ళిపోయింది. ఏమడిగిందో మరి. నీళ్ళు కావాలా అని ఉంటుంది, పని అవుద్దా అని ఉంటుంది, చెడగొట్టకండి మావయ్యా అని కూడా ఉండొచ్చు, అడిగే హక్కు ఉంది. మూడింటికీ ఒకే తల ఊపు నా దగ్గర. ఎవరేమడిగినా ఎటైనా సరిపోయే తల ఊపు ఒకటి తయారుచేసి పెట్టుకున్నాను, మిల్లు నుంచి తెచ్చుకున్న సామానులో అన్నిటికంటే ఎక్కువ వాడింది అదే.

తువ్వాలు మూతికి కట్టుకుని పాత పెయింటు బ్రష్షుతో మెల్లగా దులుపుతున్నాను. పీచు పేలికలుగా ఊడొస్తుంది. మిల్లులో పత్తి గింజలు తీసే జిన్నుల కింద పీచు ఇలాగే తీసేవాళ్ళం, కాకపోతే అక్కడ గంపలకొద్దీ. నలభై ఎనిమిది జిన్నులు, రెండు వరసలు, సీజన్లో పగలూ రాత్రీ ఆగేవి కావు, లోపలికి అడుగుపెడితే ఆ హోరు ఒంట్లోకి దిగేది. అక్కడ నోటితో పనేం ఉండదు. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. చెయ్యి చాచి వేళ్ళు ఆడిస్తే ఇంకా తిరుగుతుంది. పిడికిలి బిగిస్తే ఆపెయ్. మెడ మీద చెయ్యి పెడితే మేనేజరు వస్తున్నాడు. ఆ హోరులో నాకంటే చెవులు బాగున్నవాడెవడు? అందరం సమానమే. అందుకే ఎప్పుడు పోయాయో తెలియలేదు నాకు. గేటు బయటికొచ్చాక తెలిసింది. పిట్టలు మానేశాయి ముందు. ఆ తర్వాత కుక్కరు కూత. ఆ తర్వాత ఫోను మోగడం. లారీ హారను వినపడుద్ది, మా వాడు కోటేష్ గొంతు వినపడుద్ది, మగగొంతులు కాస్త బరువుగా ఉంటాయి కాబట్టి దొరుకుతాయి. ఆడవాళ్ళవీ పిల్లలవీ సన్నగా జారిపోతాయి. నాకు మాధురి అంటే ఒక ముఖం, కదిలే పెదాలు. ఆరేళ్ళయింది ఆ పిల్ల ఇంటికొచ్చి. దాని గొంతు ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను. మనవరాలు భవ్యది అంతకంటే తెలియదు.

పది ఇరవై. సందుల్లో ఇంకా ఉంది, అగ్గిపుల్లతో లాగాలి.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన రోజులు వచ్చాయి, పోయాయి. కిందటి కార్తీకంలో అందరం కొత్తపట్నం వెళ్ళాం సముద్ర స్నానానికి. నేను నీళ్ళ అంచున నిలబడి దూరంగా పడవలు చూస్తున్నాను. సముద్రం నాకు వినపడుద్ది, లావుగా, మిల్లులాగే హోరు, ప్రాణం లేచొచ్చినట్టుంది, అలా నిలబడిపోయాను. నా వెనకాల పది అడుగుల్లో భవ్య చెప్పు కొట్టుకుపోతుంటే దాని కోసం దిగిందట, అల నడుందాకా వచ్చి పడేసిందట, తాతా తాతా అని అరిచిందట. మాధురి ఒడ్డు మీద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి పిల్లని ఎత్తుకున్నప్పుడు గాని నేను వెనక్కి తిరగలేదు. అప్పుడు మాధురి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా ఒంటి మీదే ఉంది. పిల్ల అరుస్తుంటే రాయిలా నిలబడ్డాడనుకుంది. మా ఆవిడ కోటిరత్నం ఏదో సర్దిచెప్పింది, అలల హోరులో ఎవరికి ఏం వినపడుద్దే అని. తిరుగు దారంతా మాధురి నా పక్కకి చూడలేదు. ఒక్క మాట చెబితే అయిపోయేది. చెవిటివాడనిపించుకోవడం కంటే రాతిగుండెవాడనిపించుకోవడమే నయమనుకున్నాను. ఎంత సిగ్గుమాలిన లెక్కో చూడండి, ఎవరు చూస్తారులే.

సిగ్గు ఎందుకంటే మాబు సాహెబ్ వల్ల. ఆయన మా మిల్లుకి పెద్ద ఫిట్టరు, నాకు పని నేర్పినవాడు. నేను చేరేనాటికే ఆయనకి చెవులు పూర్తిగా పోయాయి. ఏమడిగినా అవునవును అనేవాడు. ఇంకేం, మాకు ఆట. సాహెబ్ గారూ మీ గేదె ఈనిందంటగా, గుడ్లు పెట్టిందంటగా అంటే అవునవును అని నవ్వేవాడు, మేం పొట్టలు పట్టుకునేవాళ్ళం. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఆయన నవ్వేవాడు కాదు. గేటు దగ్గరికొచ్చి అజాన్ అయిందా అని సైగ చేసి అడిగేవాడు. ఒకసారి అజాన్ అయిపోయినా, నేను ఇంకా కాలేదని చెయ్యి ఊపాను. ఎందుకు ఊపానంటే చెప్పలేను, ఇరవై రెండేళ్ళ కొవ్వు. ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కుని, టోపీ పెట్టుకుని, నీడలో బల్ల మీద కూర్చున్నాడు, నా మాట మీద. నమాజు ముగించుకుని జనం రోడ్డు మీద తిరిగి వస్తుంటే చూశాడు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకుని లోపలికెళ్ళి జిన్ను విప్పాడు. ఆయన పోయి పదిహేనేళ్ళు. ఆయన భార్య మదార్‌బీ కనపడితే ఇప్పటికీ నేను పక్కసందులోకి తిరుగుతాను. నాకు అదే జరుగుతుందని భయం. నేను అవునవును అంటుంటే నా వెనక నవ్వుకుంటారని.

అందుకే వారం కిందట మాధురి టీ గ్లాసు పట్టుకొచ్చి నా ఎదురుగా నిలబడి, నిదానంగా, మావయ్యా మీరు ఫిట్టరు కదా ఆ ఫ్యాను చప్పుడు ఏమన్నా చేయగలరా అని అడిగితే, పెదాలు స్పష్టంగా చదివి, లేచి వెళ్ళి, పెద్ద పనిమంతుడిలా డబ్బా మీద చెవి వాల్చి, "చప్పుడేంది? శుభ్రంగా తిరుగుతుంటే. ముప్పై ఏళ్ళు మిషన్ల మధ్య ఉన్నోణ్ణి, నాకు తెలవదా? నీ మైకు సంగతి చూసుకో" అన్నాను. నమ్మింది. కొత్త హెడ్‌ఫోన్లు తెప్పించుకుంది. డెమోలో అవతల మనిషి మీ ఇంట్లో పిండిమర ఉందా అండీ అని రెండుసార్లు అడిగి, మూడోసారి వినపడటంలేదని ఆపేసిందట. ఆ రోజు అన్నాల దగ్గర మాధురి ఆ సంగతి నవ్వుతూ చెప్పింది, ఏడవకుండా ఉండటానికి నవ్వే నవ్వది. అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారని నేనూ నవ్వాను. ఎందుకో తెలియకుండా నవ్వాను. కోటిరత్నానికి ఒక పాడలవాటుంది, ఎవరేమన్నా పక్కనుంచి మళ్ళీ తను పెద్దగా అంటుంది, చిలక్కి నేర్పినట్టు, ఎన్నోసార్లు విసుక్కున్నాను కూడా. "పిండిమరంట చూడు, మన కంప్యూటరు చప్పుడికి పిల్ల డెమో పోయింది" అని నా చెవి పక్కనే గట్టిగా అంటే అప్పుడు తెలిసింది నేను దేనికి నవ్వానో. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాను.

సరే, పీచు అయింది. అల్యూమినియం రేకుల మధ్య నుంచి అవతలి వెలుతురు కనపడుతుంది. ఇక ఫ్యాన్లు. మూడున్నాయి, వెనకాల ఒకటి, కరెంటు డబ్బాలో ఒకటి, మధ్యలో ఒకటి. స్విచ్చి వేసి పొడుగు స్క్రూడ్రైవర్ తీశాను. కొస ఫ్యాను చట్రానికి ఆనించి, పిడి చెవి వెనకాల ఎముకకి నొక్కిపెట్టుకున్నాను. ఇది మాబు సాహెబ్ చూపించిన పనే. "ఒరేయ్ యలమందా, చెవులు ఇక్కడ పనికిరావు, ఎముకకి ఆనించు" అని జిన్ను బేరింగు మీద చువ్వ పెట్టి నా తల పట్టుకుని ఆనించాడు మొదటి రోజు. వెనకాల ఫ్యాను మెత్తగా ఉంది. కరెంటు డబ్బాది దాని మూత మీద ఆనించి చూశాను, అదీ మెత్తగానే ఉంది. మధ్యలోదాని మీద పెట్టగానే పుర్రెలో గరగరమంది, ఇసుక నమిలినట్టు. దొరికావురా. మూడు నెలల తర్వాత, ఇల్లంతా విన్న తర్వాత, అందరి కంటే ఆఖరున నేను కూడా విన్నాను. నవ్వొచ్చింది, తువ్వాలు లోపల.

ఆపేసి, నాలుగు స్క్రూలు విప్పి దాన్ని బయటికి తీశాను. అరచేతిలో పట్టేంత ఉంది. నడుమన కాగితం స్టిక్కరు, దాని కింద రబ్బరు మూత, దాని కింద ఎండిపోయిన ఇరుసు. చుక్కంటే ఒక్క చుక్క కుట్టుమిషను నూనె. రెండో చుక్క వేస్తే రెక్కల మీద చిమ్ముద్ది, మళ్ళీ దుమ్ము పట్టుద్ది. వేలితో తిప్పితే ముందు బిగిసింది, తర్వాత జారింది, తర్వాత దానంతటదే తిరుగుతూ పోయింది. సైకిలు ట్యూబులోంచి నాలుగు చిన్న ముక్కలు కత్తిరించి స్క్రూల కింద వేశాను, వణుకు డబ్బాకి పాకకుండా. బిగించాను, అతి బిగించకుండా. చెయ్యి తిరిగిన పని చేస్తుంటే మనసుకి ఎంత హాయిగా ఉంటుందో, ఐదు నిమిషాలు మాధురినీ మరిచాను, చెవుల్నీ మరిచాను. రేకు పెట్టి, డబ్బాని బల్ల కింద దాని చోట నిలబెట్టి స్విచ్చి వేశాను. తెర వెలిగింది. పది నలభై ఒకటి.

ఇప్పుడు? చప్పుడు పోయిందా?

నాకు నిశ్శబ్దంగానే ఉంది. నాకు ఎప్పుడూ నిశ్శబ్దంగానే ఉంది. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి డబ్బా మీద పెట్టి వంగి చూశాను, మిల్లులో పునాది వదులైందో లేదో అలాగే చూసేవాళ్ళం. నీళ్ళ మీద సన్నగా ఒక వలయం, వణుకుతుంది. అంటే ఏదో ఉంది ఇంకా. ఉంటే ఉండనీ, వణికినవన్నీ అరవ్వు, అరిచేవన్నీ వణకవు. కంటికి కనపడేది ఇక్కడిదాకానే. మళ్ళీ ఎముకకి ఆనించాను, మూడూ మెత్తగా ఉన్నాయి. కాని ఎముకకి అందనివి ఎన్ని ఉంటాయో. సన్నగా కీ మనేది, సరిగ్గా నాకు పోయిన రకం చప్పుడు, ఉందేమో. అవతల మనిషి మళ్ళీ పిండిమర అంటుందేమో. కోటిరత్నాన్ని పిలిచాను, ఊరికే, ముఖం చూద్దామని. చప్పుడుంటే ముఖం చిట్లిస్తుంది కదా. వచ్చింది. చేతికి పచ్చడి కారం, ముఖం ఎప్పటిలాగే చిట్లించే ఉంది, దేనికని చెప్పను? "ఏందీ పిలిచావు" అన్నట్టుంది. ఏం లేదన్నాను. ఒక క్షణం నన్నూ గ్లాసునూ చూసి నిలబడింది, వెళ్ళలేదు, తలుపుకి ఆనుకుంది.

పది నలభై ఏడు. తగ్గిందమ్మా, కూర్చో అనొచ్చు. నేను ఫిట్టర్ని, నా మాట నమ్ముతుంది, పోయినసారి కూడా నమ్మింది. తగ్గే ఉంటుంది, పని బాగానే చేశాను. తగ్గకపోతే? ఆ పిల్ల ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. కోటేష్ కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ల దగ్గర నైటు డ్యూటీలు చేసి పొద్దున్నే పడుకుంటాడు, వాడూ ఈమధ్య టీవీ సౌండు పెంచుతున్నాడు, వాడికి చెప్పాలి, ఎవరు చెబుతారు, నేనే కదా. భవ్య పుట్టాక స్కూలు ఉద్యోగం మానేసిన రోజు మాధురి తన పుస్తకాలు అట్టపెట్టెలో సర్ది ఈ టిక్కీల పక్కనే పెట్టింది. పోయిన నెల ఆ పెట్టె విప్పింది. గుండ దులిపి, దగ్గుతూ, నవ్వుతూ పుస్తకాలు బయటికి తీస్తుంటే చూశాను. అంత సంతోషంగా ఉన్న మనిషిని చూసి కూడా మైకు సంగతి చూసుకోమన్నాను నేను. ఇప్పుడు ఇంకోసారి అబద్ధం చెబితే అది నా చెవుల తప్పు కాదు.

పక్కగదిలోకి వెళ్ళాను. మాధురి అద్దం ముందు జడ వేసుకుంటూ పాఠం చెప్పుకుంటుంది, పెదాలు కదులుతున్నాయి. నన్ను చూసి ఆగింది.

"అమ్మాయ్, చేయాల్సింది చేశాను. చప్పుడు తగ్గిందో లేదో నువ్వొచ్చి వినాలి. నాకు వినపడదు" అన్నాను.

అర్థం కానట్టు చూసింది.

"ఫ్యాను ఒక్కటే కాదమ్మా. నాకు చెవులు పోయాయి. ఆ రోజు నువ్వడిగినప్పుడు కూడా నాకేం వినపడలేదు. వినపడలేదని చెప్పకుండా చప్పుడు లేదన్నాను. నీ డెమో నా వల్లే పోయింది."

అనేశాను. నా గొంతు ఎంత పెద్దగా ఉందో నాకే తెలియదు, పక్కింటి సుబ్బరావమ్మ దాకా పోయే ఉంటుంది. మాధురి చేతిలో దువ్వెన అలాగే ఉంది. ముఖంలో ముందు కోపం వచ్చింది, రావాలి, దాచుకోలేదు కూడా. తర్వాత ఆ కోపం ఎక్కడికో పోయి, ఏవో లెక్కలన్నీ ఒకదాని మీద ఒకటి సరిచూసుకుంటున్నట్టు కళ్ళు కదిలాయి. సముద్రం దగ్గరికి కూడా వెళ్ళొచ్చాయనుకుంటాను. దగ్గరికొచ్చింది. నా ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడివిడిగా అంది, నాకు ప్రతి మాటా కనపడింది. "నేనంటే మీకు పడదనుకున్నాను మావయ్యా. ఇన్నాళ్ళూ."

కాదు కాదని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. ఈసారి ఆ తల ఊపుకి ఒకటే అర్థం. వెనక్కి తిరిగితే కోటిరత్నం అక్కడే ఉంది, కారం చెయ్యి గాల్లో పెట్టుకుని. "ఇప్పటికి నోరొచ్చిందా నీకు" అంది, గట్టిగా, నాకు వినపడేంత గట్టిగా. "మిల్లు మానకముందు నించీ నాకు తెలుసయ్యా. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నా." కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కారం వల్ల కాదని నాకు తెలుసు.

టైము లేదు. పది యాభై ఒకటి. మాధురి వచ్చి డబ్బా ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. తగ్గింది, చాలా తగ్గింది అని చేత్తో చూపించింది. కాని ఇంకా ఉంది. సన్నగా, కీ మని. అదే, నేను భయపడ్డదే. "నేను వింటా, మీరు పట్టుకోండి" అంది. చప్పుడు ఆగితే నాకెలా చెబుతుంది? పిడికిలి చూపించాను, ఇదంటే ఆగింది. వేళ్ళు ఆడించాను, ఇదంటే ఇంకా ఉంది. ఒక్కసారికే నేర్చుకుంది, మిల్లులో కుర్రాళ్ళకి వారం పట్టేది. వెనక రేకు నొక్కాను, వేళ్ళు ఆడాయి. పైన నొక్కాను, ఆడాయి. కాళ్ళ దగ్గర నొక్కాను, ఆడాయి. పక్కరేకు నడుమ అరచెయ్యి ఆనించాను. పిడికిలి. తీశాను, వేళ్ళు. ఆనించాను, పిడికిలి. రేకు ఎప్పుడో లారీ నుంచి దించేటప్పుడు వంగి ఉంటుంది, అక్కడ పట్టుకుని పాడుతుంది. ట్యూబు ముక్క దూర్చాను, ఇంకోచోట మొదలెట్టిందట. మడిచిన గుడ్డ పెట్టాను, లాభం లేదు. రేకు మొత్తం తీసేస్తే ఫ్యాను హోరంతా బయటికొస్తుందట. పది యాభై ఏడు. నా అరచెయ్యి తప్ప దానికి ఇంకేదీ నచ్చలేదు.

"నువ్వు కూర్చో" అన్నాను. బల్ల కిందికి దూరి, గోడకి వీపు ఆనించి, డబ్బా పక్కరేకు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. మాధురి వంగి ఏదో అనబోయి, టైము చూసుకుని, కుర్చీ లాక్కుంది. కోటిరత్నం భవ్యని ఎత్తుకుని తలుపు మూసింది.

ఇక నాకేమీ తెలియదు. పైన పాఠం మొదలైందో లేదో, అవతల పిల్ల ఎలాంటిదో, చూసే మనిషి ముఖం ఎలా పెట్టుకుందో తెలియదు. నాకు కనపడేది మాధురి పాదాలు. మొదట వేళ్ళన్నీ నేలని పట్టుకుని ఉన్నాయి, మడమలు పైకి లేచి సన్నగా వణుకుతున్నాయి. నా చెయ్యి తీస్తే అంతా పోతుందన్న భయం. రేకు వెచ్చగా ఉంది. దాని కింద ఫ్యాను తిరుగుతుందని తెలుస్తుంది, గరగర లేదు, మెత్తగా ఉంది. కాసేపటికి ఒక మడమ నేలకి ఆనింది. రెండోదీ ఆనింది. ఏదో అడిగి జవాబు కోసం ఆగినట్టు పాదం కదలకుండా ఉంది, జవాబు సరిగ్గా వచ్చినట్టుంది, బొటనవేలు పైకి లేచి నేల మీద చిన్న దెబ్బ వేసింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ వేసింది. పాఠం బాగా జరుగుతుంది. నాకు తెలుస్తుంది. భుజం పీకుతుంది, మోచెయ్యి మొద్దుబారింది, చెయ్యి మార్చుకుంటే ఆ ఒక్క క్షణంలో కీ మంటుందని మార్చుకోలేదు. మనిషి మాట్లాడుతుంటే ఇంతసేపు, ఇంత శ్రద్ధగా కూర్చోవడం నాకు ఎన్నేళ్ళయిందో. తల ఊపకుండా కూర్చున్నాను. ఊపాల్సిన పని లేదు.

ఎంతసేపైందో. పాదాలు దగ్గరికి వచ్చాయి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అలాగే ఉండిపోయాయి. అయిపోయిందా? మధ్యలో ఆపేశారా? చూసే మనిషి మాట్లాడుతుందా? నేనెలా తెలుసుకోను? బయటికి వంగితే కెమెరాలో పడతాను. రేకుని ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాను. పాదాలు కదలడంలేదు.

అప్పుడు నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. రేకు మీద నుంచి నా అరచేతిని మెల్లగా తీసింది. కుర్చీ వెనక్కి జరిగింది. చీర కుచ్చిళ్ళు కూడదీసుకుని మాధురి బల్ల కిందికి వచ్చి, నాకు ఎదురుగా, గచ్చు మీద కూర్చుంది. మోకాళ్ళు దాదాపు తగులుతున్నాయి. బుగ్గలు తడిగా ఉన్నాయి. అరవలేదు. వెలుతురు తన ముఖం మీద పడేలా కాస్త పక్కకి జరిగి, నిదానంగా పెదాలు కదిపింది. "సోమవారం నుంచి క్లాసులు ఇస్తామన్నారు మావయ్యా."

ప్రతి అక్షరం కనపడింది. ఒక్కటి కూడా జారిపోలేదు. అయినా తల ఊపలేదు.

"మళ్ళీ చెప్పమ్మా" అన్నాను. "వినపడలేదు."

మళ్ళీ చెప్పింది.